ఇన్నేళ్లూ ఏమీ చేయని నొప్పి మాత్ర ఇప్పుడు కిడ్నీని ఎందుకు దెబ్బతీసింది?

వెన్నెల_88:
మా అమ్మ మోకాళ్ల నొప్పులకు ఐబుప్రోఫెన్ చాలా ఏళ్లుగా దాదాపు రోజూ వేసుకుంటోంది. బీపీకి రామిప్రిల్, కాళ్ల వాపుకు నీరు తీసే మాత్ర కూడా ఉన్నాయి. పోయిన వారం విరేచనాలై బాగా నీరసపడితే రక్త పరీక్ష చేయించాం, 0.9 ఉండే క్రియాటినిన్ (కిడ్నీ వడపోసి పంపాల్సిన వ్యర్థం) 1.8కి వెళ్లింది. నొప్పి మాత్ర వెంటనే ఆపమన్నారు డాక్టర్. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా, ఇప్పుడే ఎందుకిలా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మసీ_బాబు:
మీరు చెప్పినవన్నీ ఒకేసారి కలవడం వల్లేనండి. కిడ్నీలో వడపోత జరిగే చోటికి ఒక సన్నని నాళం రక్తాన్ని తెస్తుంది, ఇంకోటి తీసుకెళ్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు తెచ్చే నాళం మూసుకుపోకుండా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అని ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాటి తయారీనే అడ్డుకుంటాయి. తీసుకెళ్లే నాళం కాస్త బిగుసుకుని లోపల ఒత్తిడి నిలబెడుతుంది, రామిప్రిల్ దాన్ని వదులు చేస్తుంది. ఆపైన నీటి మాత్ర, విరేచనాలు. ఇక వడపోతకు ఒత్తిడి ఎక్కడిది? త్వరగా పట్టుకుంటే చాలామందిలో ఇది మళ్లీ సర్దుకుంటుంది, ధైర్యంగా ఉండండి. రామిప్రిల్ మాత్రం మీ అంతట మీరు శాశ్వతంగా మానేయకండి, చాలామందిలో అది కిడ్నీని కాపాడే మందే. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

నీటిబొట్టు:
రక్తం సంగతి పైన చెప్పారు, నేను నాళికల గురించి, అంటే వడపోసిన నీరు పారే సన్నని గొట్టాల గురించి చెప్తాను. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోసి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లే బయటికి పంపుతాయి, మిగతాదంతా నాళికలు వెనక్కి పీల్చుకుంటాయి. ఆ పనిలో విషాన్ని కూడా లోపలికి లాక్కుంటాయి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు ఆ కణాల్లోనే పేరుకుని వాటిని చంపుతాయి, అందుకే అవి ఇచ్చేటప్పుడు డోసు, రక్త పరీక్షలు అంత జాగ్రత్తగా చూస్తారు. కాడ్మియం అనే విష లోహం అయితే కిడ్నీలో చేరాక పదేళ్లకు పైగా పోదు. జపాన్‌లో జింజూ నదిలోకి గని నుంచి కాడ్మియం చేరి, ఆ నీటితో పండిన బియ్యం తిన్నవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి, ఎముకలు విరిగేవి. నొప్పికి తాళలేక పెట్టే కేక పేరే ఆ జబ్బుకు పెట్టారు, ఇతాయ్ ఇతాయ్ అని. దానికి కారణం కాడ్మియమేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. సిగరెట్ పొగలోనూ కాడ్మియం ఉంటుంది. సీసం కూడా ఇలాగే ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా తినేస్తుంది.

"మూలికే కదా, ఏం కాదు" అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల మాత్రలు వాడిన ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పూర్తిగా పోయాయి. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం అనే విషం ఉన్న మొక్క కలిసింది. కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది.

వెన్నెల_88:
ఇద్దరికీ చాలా థాంక్స్. మరి నొప్పికి ఏం వేయాలి? పారాసిటమాల్ పర్వాలేదా?

ఫార్మసీ_బాబు:
కిడ్నీ వరకు చూస్తే, చెప్పిన డోసు దాటనంత వరకు అదే మేలు, లివర్ జబ్బేమైనా ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి. జలుబు మాత్రల్లో కూడా ఐబుప్రోఫెన్ ఉండొచ్చు, అట్ట మీద చదవండి. మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్) పరీక్ష కూడా అడగండి, ఎందుకంటే కిడ్నీ పని సగం దాకా తగ్గినా క్రియాటినిన్ ఒక్కోసారి నార్మల్‌లోనే కనిపిస్తుంది. మూత్రం బాగా తగ్గినా, ముఖం వాచినా మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి.