సాత్వికుడా, సాత్త్వికుడా, సాధువా?

పల్నాటి పిట్ట:
"సాత్వికుడంటే చేతకానివాడు కాదు, కళ్లెం వేసిన యుద్ధాశ్వం." ఏ ప్రార్థన కూటానికి వెళ్లినా ఈ మాట వింటున్నాను. కొండమీది ప్రసంగంలో యేసు "సాత్వికులు ధన్యులు" అన్నచోట గ్రీకులో ఉన్న ప్రయూస్ అనే మాటని యుద్ధపు గుర్రాలకు వాడేవారట. ప్రాచీన గ్రీకు రచయిత జెనొఫన్ పేరు కూడా చెబుతారు. దీని తర్వాత ఇంకో ముక్క ఉండేది, "బలం ఎక్కడికీ పోదు..." అని ఏదో. నోటి చివర ఆడుతోంది కానీ రావట్లేదు. ఎక్కడిదో తెలిసినవాళ్లు చెప్పండి.

గాజు కళ్లద్దాలు:
జెనొఫన్ అశ్వవిద్య పుస్తకం, రెండో అధ్యాయం. అయితే అక్కడున్నది యుద్ధాశ్వం కాదండీ, ఇంకా శిక్షకుడి చేతికి వెళ్లని గుర్రప్పిల్ల. అప్పగించేలోపే అది మనుషులకు మాలిమి అయి ఉండాలంటాడు. ఆకలి, దప్పిక, జోరీగల బాధ ఒంటరిగా ఉన్నప్పుడే తెలియాలి. మేత, నీళ్లు, ఈగల నుంచి విముక్తి మనిషి చేతి మీదుగా రావాలి. అప్పుడు పిల్ల మనిషి కోసం ఎదురుచూస్తుందట. దానికి నోరు అందనిచోట నిమరమని కూడా రాశాడు. కళ్లెం, యుద్ధం మన ప్రసంగీకులు తగిలించినవి.

గురులఘువు:
ముందు అక్షరం సంగతి తేల్చుకుందాం. సత్ + త్వం, సత్త్వం. అందులోంచి వచ్చేది సాత్త్వికుడు. బైబిల్లో ఒక త ఎగిరిపోయింది.

ఒంగోలు గిత్త:
త పోయినా సత్తువ పోలేదు సార్. మన సత్తువకు మూలం ఆ సత్త్వమే కదా. అంటే సాత్వికుడు అన్నా సత్తువ గలవాడనే. గుర్రం వద్దంటే మానేద్దాం, బలం మాత్రం మన తెలుగు మాటలోనే ఉంది. ఇది ఎవరూ గమనించలేదు.

సిరాచుక్క:
చాలామంది గమనించారు గిత్తగారూ, గమనించి వదిలేశారు. సాత్వికం అంటే జనానికి తట్టేది గుణత్రయం, లేదంటే ఉల్లిపాయ వెయ్యని కూర. సత్తువ ఎవరికీ తట్టదు. ప్రయూస్‌కు సరైన జోడు "సాధు". మనిషికీ చెల్లుతుంది, జంతువుకీ చెల్లుతుంది. జెనొఫన్ గుర్రప్పిల్లని సాధుజంతువు అంటాం కానీ సాత్వికజంతువు అంటామా?

గాజు కళ్లద్దాలు:
గుర్రాల మీద ఇంత వ్యామోహం ఎందుకో. మత్తయి 21:5లో "ఇదిగో నీ రాజు సాత్వికుడై" అన్నచోట ప్రయూస్‌తో పాటు వచ్చే జంతువు గాడిద! అది జెకర్యా 9:9 నుంచి ఎత్తినది. ఆ తర్వాతి వచనంలోనే యెరూషలేములో గుర్రాలు లేకుండా చేస్తానంటాడు దేవుడు. పైగా మన తెలుగు బైబిల్లో జెకర్యా దగ్గర "దీనుడు", మత్తయి దగ్గర "సాత్వికుడు". కీర్తన 37:11లోనూ భూమిని స్వతంత్రించుకునేది "దీనులు". కొండమీది ప్రసంగానికి వచ్చేసరికి సాత్వికులయ్యారు. హీబ్రూలో అది అణగారినవాళ్ల మాట. మనది గుణం మాట అయిపోయింది.

లేత తాటిముంజె:
అయితే ఇది కూడా చూడండి. 1 పేతురు మూడో అధ్యాయం. నాలుగో వచనం భార్యలకు: "సాధువైనట్టియు, మృదువైనట్టియునైన గుణము". పదిహేనో వచనం అందరికీ: "సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు". గ్రీకులో రెండుచోట్లా ఒకటే మూలం, అక్కడ ప్రయూస్, ఇక్కడ దాని గుణవాచకం ప్రయూటేస్. క్రీస్తు సాత్వికుడు, సంఖ్యాకాండం 12:3లో మోషే సాత్వికుడు, ఆడవాళ్లకు వచ్చేసరికి సాధువు. సిరాచుక్కగారు ఇప్పుడే చెప్పారు కదా ఆ మాట జంతువుకీ చెల్లుతుందని. మా వైపు ఇంట్లో గొడవపడి పుట్టింటికి వచ్చిన పిల్లకి పెద్దవాళ్లు చదివి వినిపించేది ఈ నాలుగో వచనమే. మోషే ఎవర్ని కొట్టి చంపాడో, పలకలు ఎందుకు పగలగొట్టాడో ఆ పూట ఎవరూ చదవరు.

సిరాచుక్క:
అమ్మా, అక్కడ ప్రయూస్‌కు "మృదువైన" అని వేశారేమో. సాధు రెండో మాటకు అయ్యుండొచ్చు.

లేత తాటిముంజె:
లేదండీ. గ్రీకులో ప్రయూస్ ముందు, హెసూఖియోస్ తర్వాత. రెండోదానికి అర్థం నెమ్మది, నిశ్శబ్దం. తెలుగు వరస కూడా అదే. అయినా మాటలు అటూఇటూ మార్చినంత మాత్రాన ఆ పిల్లకి ఒరిగేదేముంది?

గాజు కళ్లద్దాలు:
అరిస్టాటిల్‌ను పట్టుకురావాలి ఇక్కడికి. నీతిశాస్త్రం నాలుగో సంపుటంలో ఇదే గుణాన్ని ముంగోపానికీ, అసలు కోపమే రాకపోవడానికీ మధ్య నిలబెట్టాడు. తగిన విషయం మీద, తగిన మనిషి మీద, తగినంతసేపు కోపం రావాలి. రావలసినచోట రానివాడు మూర్ఖుడు. తనకు జరిగిన అవమానాన్నీ, తనవాళ్లకు జరిగినదాన్నీ దిగమింగేవాడిది బానిస బుద్ధి అంటాడు. పేతురు అరిస్టాటిల్‌ను చదివాడని కాదు, కానీ గ్రీకు తెలిసినవాడి చెవికి ఆ మాటలో కోపం కూడా ఒక మూల వినబడేది.

పల్నాటి పిట్ట:
అలా చూస్తే మా వినుకొండ కవి జాషువా అసలైన ప్రయూస్. 1941 నాటి గబ్బిలం కావ్యంలో కోపం ఎక్కడ పడాలో అక్కడే పడింది. గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపాడు కానీ, ఊళ్లో ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది ఆయన క్రీస్తు చరిత్రకు. జనం మాత్రం గబ్బిలం దగ్గరే ఆగిపోతారు.

ఒంగోలు గిత్త:
పిట్ట గారూ, ఆగితే తప్పేముంది, ఆగదగ్గ చోటే అది. నాకు క్రీస్తు చరిత్ర కంటే గబ్బిలమే ఇష్టం. తిట్టుకోండి.

గురులఘువు:
జాషువా పేరు వచ్చింది కాబట్టి నా త సంగతికి వస్తాను. "సా" ఎలాగూ దీర్ఘం, ఒక త ఉన్నా రెండున్నా గురువే. గణాలతో తేలదు. "సత్త్వ"లోనూ అంతే, వెనకాల సంయుక్తం ఉంది కదా. తేలితే ప్రాసలోనే తేలాలి, అక్కడ ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావాలి కనక. "సత్వర"లో ఉన్నది ఒక్క త. దానికి "సత్వము"తో ప్రాస కలిపిన పద్యం పూర్వకవుల్లో ఎవరిదైనా గుర్తుంటే పెట్టండి. తత్వం, తత్త్వం తీసుకురావద్దు, దానిదీ ఇదే జబ్బు.

సిరాచుక్క:
అచ్చుపుస్తకం చూసి చెబితే లాభం లేదు గురువుగారూ. తాళపత్రాల్లో ఆ రెండో త రాసేవారా లేదా అన్నది ముందు చూడాలి.