కళ్లారా చూశానన్న ఒక్క మాటతో శిక్ష వేయొచ్చా?

నిత్యపాఠకుడు:
1984లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో జెన్నిఫర్ థాంప్సన్ అనే విద్యార్థినిపై అత్యాచారం జరిగింది. తర్వాత పట్టించాలన్న పట్టుదలతో ఆ సమయంలోనే ఆమె వాడి ముఖం పరీక్షగా చూసింది. పోలీసుల ఫొటోల్లో రొనాల్డ్ కాటన్‌ని గుర్తుపట్టింది. మనుషుల్ని వరుసగా నిలబెట్టినప్పుడూ అతన్నే చూపించింది. నేరం చేసింది బాబీ పూల్ అనే ఇంకొకడని 1995లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది. అప్పటికి కాటన్ పదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. ఆమె ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. వేరే ఆధారం లేకుండా ఇలాంటి సాక్ష్యంతో శిక్ష వేయకూడదంటాను.

పాత ప్లీడరు:
అమెరికా సంగతి తెచ్చి మనకు అంటగట్టకండి. మన ఊళ్ల కేసుల్లో సాక్షికి ముద్దాయి బాగా తెలిసినవాడే, గట్టు తగాదా ఉన్న పక్క పొలం వాడే. అక్కడ బెడద మతిమరుపుతో కాదు, కక్షతో పేర్లు ఇరికించడంతో, సాక్షులు కోర్టులో మాట మార్చి హోస్టైల్ కావడంతో. ముద్దాయి కొత్తవాడైతే జైల్లో మేజిస్ట్రేటు ఐడెంటిఫికేషన్ పరేడ్ పెడతారు. పోలికలున్న ఇతరుల్ని కలిపి నిలబెడతారు. ఇంకేం కావాలి? మీ లెక్కన గొలుసు దొంగల్లో సగం మంది దర్జాగా ఇంటికెళ్లిపోతారు.

నిత్యపాఠకుడు:
ప్లీడరు గారూ, నేనడిగేది ఆ కొత్తవాడి గురించే. ఫొటోల్లోనూ వరుసలోనూ కనిపించినవాడు కాటన్ ఒక్కడే. వరుసలో ఆమె కాస్త తటపటాయించింది. ఫొటోలో చూపిందీ ఇతన్నేనని పోలీసులు చెప్పాక ఆ తటపటాయింపు పోయింది. 1987లో రెండో విచారణలో పూల్‌నే ఎదురుగా నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది!

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. పరేడ్‌లో గుర్తుపట్టడం బలపరిచే సాక్ష్యమే, అసలు సాక్ష్యం కోర్టులో చూపించడమేనని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. సాక్షి కోర్టుకొచ్చేది ఏ నాలుగైదేళ్లకో. అప్పుడు బోనులో ఉండేది ముద్దాయి ఒక్కడే. ఇంకెవర్ని చూపిస్తాడు?

సైకాలజీ స్టూడెంట్:
సాక్షి నమ్మకాన్ని అసలు లెక్కచేయకూడదనడం కూడా సరికాదు. పద్ధతిగా, ఎవరూ చెవిన వేయకముందు, మొట్టమొదటిసారి గుర్తుపట్టినప్పుడు ఉన్న నమ్మకానికి విలువ ఉందని సైకాలజిస్టులు విక్స్‌టెడ్, వెల్స్ 2017లో వివరంగా రాశారు. కాబట్టి ఆ మొదటి క్షణం రికార్డు కావాలి. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం 54వ సెక్షన్ వీడియో తీయాలంటోంది, కానీ సాక్షికి మానసిక లేదా శారీరక వైకల్యం ఉంటేనే. మిగతావాళ్లకు ఎందుకు వద్దు?

పాత ప్లీడరు:
వీడియోకు నాకేం అభ్యంతరం లేదమ్మా. అరెస్టయిన సాయంత్రానికే ఫొటో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగాక పరేడ్ పెట్టి, దానికి వీడియో తీసి లాభమేంటి? ప్రెస్‌మీట్లో ముసుగులు వేసేది అందుకే. ముద్దాయి ముఖం ముందే బయటపడిందని రుజువు చేయగలిగితే, డిఫెన్సులో నా మొదటి పాయింటు అదే.