పాత జబ్బు సంగతి కొత్త కంపెనీకి ఎప్పుడు చెప్పాలి?

కొండవీటి చంద్రిక:
అందరికీ నమస్కారం. నా వయసు 31. సొంతూరు నరసరావుపేట దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో. 2019లో నాకు మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. మందు మోతాదు కుదిరేదాకా రెండేళ్లు అవస్థ పడ్డాను, ఆ మధ్యలో ఎనిమిది నెలలు ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నాను. ఆఖరుసారి ఫిట్స్ వచ్చి నాలుగేళ్లు దాటింది. ఇప్పటికీ రెండు పూటలా లెవెటిరాసిటామ్ మాత్ర వేసుకుంటాను. వచ్చే వారం ఒక కంపెనీలో రెండో విడత ఇంటర్వ్యూ ఉంది. జీతం బాగుంది, పని నాకు వచ్చిన పనే, కానీ నెలకో వారం నైట్ షిఫ్ట్ ఉంటుందని అన్నారు. నిద్ర చెడితే ఫిట్స్ తిరగబెట్టవచ్చని మా న్యూరాలజిస్టు మొదటి రోజు నుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. అమ్మ మాత్రం "ఎవరికీ చెప్పొద్దు, చెబితే ఉద్యోగమూ రాదు, రేపు పెళ్లి సంబంధమూ రాదు" అంటోంది. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి? ఈ పరిస్థితి దాటి వచ్చినవారు దయచేసి మీ అనుభవం రాయండి.

నియామకాల మాస్టారు:
చంద్రిక గారూ, నేను పద్నాలుగేళ్లుగా ఉద్యోగుల నియామకాల పనిలోనే ఉన్నాను. ఇంటర్వ్యూలో కూర్చున్న మేనేజరుకు మీ జబ్బు వివరం తెలియాల్సిన అవసరం లేదు, తెలిసినా దాన్ని సరిగ్గా అంచనా కట్టే చదువు ఆయనకు ఉండదు. ఎనిమిది నెలల ఖాళీ గురించి మాత్రం తప్పకుండా అడుగుతారు. "ఆరోగ్య కారణాల వల్ల విరామం తీసుకున్నాను, చికిత్స కుదిరింది, ఆ తరువాత ఇన్నేళ్లుగా ఆగకుండా పనిచేస్తున్నాను" అని చెప్పి పని విషయంలోకి వెళ్లిపోండి. అది నిజం, ఆ దశకు అంత చాలు. చదువు కోసమని, ఇంట్లో పెళ్లి అని కల్పించి చెప్పినవారు తరువాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తడబడటం చాలాసార్లు చూశాను.

ఆఫర్ లెటర్ చేతికి వచ్చిన తరువాత మెడికల్ ఫారం ఇస్తారు. దాన్ని ఒక్కో మాటా పట్టి చదవండి. "ప్రస్తుతం ఏదైనా వ్యాధికి మందులు వాడుతున్నారా" అని అడిగితే మీ జవాబు "అవును" అనే ఉండాలి, ఎందుకంటే మాత్ర మీరు రోజూ వేసుకుంటున్నారు. "పనికి అడ్డువచ్చే అనారోగ్యం ఉందా" అనేది వేరే ప్రశ్న, దానికి మీ డాక్టరు గారి అభిప్రాయమే జవాబు. అందుకే ముందుగానే ఆయన దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. అందులో మీ చరిత్ర అంతా ఉండనక్కరలేదు: వ్యాధి అదుపులో ఉంది, ఈ పనికి తగినవారు, రాత్రి షిఫ్ట్ వేయకూడదు, ఈ మూడు మాటలు ఉంటే సరిపోతుంది. ఫారంతోపాటు ఆ ఉత్తరాన్ని కంపెనీ డాక్టరుకు పంపండి.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. మెడికల్ ముగిసి, షిఫ్ట్ సంగతి రాతపూర్వకంగా తేలేదాకా ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా పెట్టకండి. ఆఫర్ లెటర్ చూసి నోటీసు ఇచ్చేసి, ఆ తరువాత రెండు వైపులా చెడిన పిల్లలను చూశాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

పెన్నా గట్టు:
నేను చంద్రిక గారి అమ్మగారు చెప్పినట్టే చేశాను. 2016లో ఉద్యోగంలో చేరినప్పుడు మెడికల్ ఫారంలో ఫిట్స్ గడి దగ్గర "లేదు" అని రాసి సంతకం పెట్టాను. పదకొండో నెలలో, పని ఒత్తిడితో వరుసగా మూడు రాత్రులు నిద్ర లేక, క్యాంటీనులో అందరి మధ్యా పడిపోయాను. పాపం, చుట్టూ ఉన్నవాళ్లు తమకు తెలిసిందే చేశారు. ఒకరు నా చేతిలో తాళాల గుత్తి పెట్టారు, ఇంకొకరు నాలుక కరుచుకుంటానేమోనని పళ్ల మధ్య చెంచా దూర్చారు, దాంతో ముందు పన్ను విరిగింది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని ఒక్కరికి ముందు చెప్పి ఉంటే ఆ పన్ను ఉండేది.

ఉద్యోగం పోలేదు. కానీ వారం తరువాత హెచ్‌ఆర్ గదిలో ఆ పాత ఫారం నా ముందు పెట్టి "ఈ సంతకం మీదేనా" అని అడిగారు. జబ్బు గురించి వాళ్లు ఒక్క పరుషమైన మాట అనలేదు, అడిగిందల్లా ఆ సంతకం గురించే. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. ఆ ఆరు నెలలూ నా పని ఎంత బాగున్నా, నా మాటను నమ్మడానికి మా మేనేజరుకు మనసు రాలేదు.

మంజీర:
నాది దీనికి తిరగేసిన కథ. డిప్రెషన్‌కు చికిత్స తీసుకుని కోలుకున్నాక, నిజాయితీగా ఉండాలని మొదటి ఇంటర్వ్యూలోనే అంతా చెప్పాను: మందుల పేర్లు, ఆసుపత్రిలో ఉన్న రోజులు, ఇంట్లో గొడవలు, అన్నీ. మిగతా అరగంట వాళ్లు నా పని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కారణం చెప్పకుండానే వద్దన్నారు. తరువాతి చోట ఆఫర్ వచ్చాక, అడిగినంత మేరకే డాక్టరు ఉత్తరంతో చెప్పాను. అక్కడే ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. చెప్పిన విషయం రెండు చోట్లా ఒకటే, చెప్పిన వేళ మాత్రం వేరు.

వాదప్రతివాది:
న్యాయవాదిగా కొన్ని విషయాలు రాస్తాను. యజమాని ఏదైనా అడగవచ్చు అనుకోవడం పొరపాటు. ఎల్‌ఐసీలో చేరిన ఒక ఉద్యోగినిని, గర్భం సంగతి డిక్లరేషన్‌లో దాచారని ప్రొబేషన్‌లో ఉండగానే తొలగిస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని, నెలసరి, గర్భధారణల గురించిన ఆ గడులను ఫారం నుంచే తీసేయమని చెప్పింది. అయితే ఎల్‌ఐసీ ప్రభుత్వ సంస్థ. ప్రాథమిక హక్కుల పేరుతో ప్రైవేటు కంపెనీ మీదికి నేరుగా వెళ్లడం అంత తేలిక కాదు. హెచ్‌ఐవీ విషయంలో మాత్రం 2017 చట్టం స్పష్టంగా ఉంది: ఉద్యోగం ఇవ్వడానికి ఆ పరీక్షను షరతుగా పెట్టకూడదు, ఆ వివరం చెప్పమని బలవంతమూ చేయకూడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో మూర్ఛ పేరు విడిగా లేదు కాబట్టి, ఆ రక్షణ తమకు దానంతట అదే వర్తిస్తుందని చంద్రిక గారు అనుకోవద్దు. అయినా ఇరవై మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. ముందు అది చదివితే ఆ కంపెనీ తీరు కొంత తెలుస్తుంది. పనికి సంబంధం లేని ప్రశ్న కనిపిస్తే అబద్ధం రాయకండి, గడి ఖాళీగా వదిలి "ఈ వివరం ఈ పనికి ఎందుకు అవసరమో తెలుపగలరు" అని మెయిల్ పెట్టండి.

ఆరోగ్య బీమా ఫారంను దీనితో కలపకండి. కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటిలో పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే బీమా వర్తిస్తుంది. సొంతంగా తీసుకునే పాలసీలో పాత జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బుకు క్లెయిము ఇవ్వని తొలి కాలం, 2024 నుంచి గరిష్ఠంగా 36 నెలలు. అక్కడ దాచితే అసలు అవసరం వచ్చిన రోజున క్లెయిము తిరస్కరిస్తారు. యజమానికి చెప్పకపోవడానికి ఒక్కోసారి న్యాయమైన కారణం ఉంటుంది, బీమా సంస్థ దగ్గర అలాంటి కారణం ఏదీ నిలవదు.

జగిత్యాల అన్న:
చెల్లీ, కొన్ని చోట్ల చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు. నాకు టీబీ వచ్చింది, ఆరు నెలలు మందులు మింగాను, పూర్తిగా తగ్గింది. సౌదీకి పోదామని ఏజెంటుకు డబ్బు కట్టిన తరువాత మెడికల్‌కు పోతే, ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించి అన్‌ఫిట్ అని రాశారు. నయమైందన్న కాగితం చూపినా వినలేదు, గల్ఫ్ నిబంధనల్లో పాత టీబీ ఆనవాలు కూడా అనర్హతే. కట్టిన డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు. టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఏజెంటుకు రూపాయి ఇచ్చే ముందు సొంత ఖర్చుతో ఎక్స్‌రే తీయించుకోవాలని మా వైపు కనిపించిన ప్రతి పిల్లగానికీ చెబుతున్నాను. నయమైందన్న అదే కాగితంతో హైదరాబాదు గోదాములో మాత్రం డాక్టరు చూసి ఒక్క మాట అడగకుండా ఉద్యోగం ఇచ్చారు.

డిపో వారసుడు:
మా నాన్నగారు బస్సు డ్రైవరు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో మూర్ఛ గురించి, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గురించి నేరుగా అడుగుతారు. స్టీరింగు, ఎత్తైన కట్టడాలు, తిరిగే యంత్రాలు ఉన్న పనుల్లో వేళ చూసుకునే వెసులుబాటు లేదు, మొదటే చెప్పాలి. మన వెనక నలభై మంది కూర్చుని ఉంటారు.

ఎడిసన్ నుంచి:
అమెరికాలో పదిహేను మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ ఆఫర్ ఇవ్వకముందు వైకల్యం గురించి, జబ్బుల గురించి అడగకూడదు. ఆఫర్ ఇచ్చాక అదే పనిలో చేరేవారందరికీ ఒకేలా మెడికల్ పెట్టవచ్చు, ఆ కాగితాలను మాత్రం విడి ఫైలులో గోప్యంగా ఉంచాలి. నేను ఆఫర్ తరువాతే అడిగి, పగటి వేళలు ఖాయం చేయించుకున్నాను. మీ కంపెనీ అమెరికాదే అయినా ఈ చట్టం హైదరాబాదులోని మీకు వర్తిస్తుందని అనుకోకండి. అయితే ఇలాంటి సంస్థల సొంత నియమాల్లో ఈ వరుస తరచూ కనిపిస్తుంది కాబట్టి అడిగి చూడండి.

కొండవీటి చంద్రిక:
మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఇంటర్వ్యూలో మాస్టారు గారు చెప్పిన వాక్యమే చెప్పాను, ఇంకేమీ అడగలేదు. ఆఫర్ వచ్చిన మూడో రోజున ఫారంలో "అవును" అని రాసి, డాక్టరు గారి ఉత్తరం జతచేసి పంపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అది నాకు మంచిది కాదని తెలిసి కూడా. కంపెనీ డాక్టరు ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడారు: ఆఖరుసారి ఎప్పుడు, మందు మానేసిన రోజులున్నాయా, ఇంట్లో ఎవరుంటారు అని అడిగారు. నైట్ షిఫ్ట్ లేకుండా చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు కానీ, మొదట అన్న బృందంలో కాకుండా వేరే బృందంలో, షిఫ్ట్ అలవెన్సు లేకుండా. నెలకు కొన్ని వేలు తగ్గుతుంది. ఒప్పుకున్నాను. ఆ మాట రాసి ఉన్న మెయిల్ వచ్చాక, నిన్ననే ఇక్కడ రాజీనామా ఇచ్చాను. పెన్నా గట్టు గారూ, కొత్త చోట నా పక్క సీటులో ఎవరు కూర్చుంటారో తెలిశాక, మీరు రాసిన ఆ ఐదు నిమిషాల సంగతి వారికి మొదటి వారంలోనే చెబుతాను. అమ్మకు ఇంకా చెప్పలేదు, ఆదివారం ఊరికి వెళ్లి ఎదురుగా కూర్చుని చెబుతాను.