విజయనగరం శివారు కాంప్లెక్సులో తిండి షాపులు ఎన్ని ఉండాలి? (ఒక చర్చ. ప్రతి మాటకు ముందున్నది రాసినవారి మారుపేరు.)

రోడ్డుకానుకుని:
నెల్లిమర్ల వెళ్లే రోడ్డులో 1,200 గజాల స్థలం. ముఖం 120 అడుగులు, లోతు 90. కింద 12 షాపులు, పైన 8, ఒక్కోటి సుమారు 400 చదరపు అడుగులు. ముందు 30 అడుగులు బళ్లకు వదులుతున్నాం. పిల్లర్లు లేచాయి, స్లాబు ఇంకా పడలేదు. చుట్టూ కొత్త కాలనీలు, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. మిమ్స్ మెడికల్ కాలేజీకి వచ్చిపోయేవాళ్ల రద్దీ కూడా ఉంది. వాటాదార్లలో ఒక వర్గం ఇరవైలో పది తిండి షాపులకే ఇద్దామంటోంది. రెండో వర్గం నాలుగు దాటితే ఒప్పుకోం అంటోంది. మీరైతే ఏటి చేస్తారు? లెక్కతో చెప్పండి.

అద్దెలెక్క:
పది ఇవ్వండి, భయం లేదు. శివారులో పట్టుచీరలు, బంగారం, ఫ్రిజ్‌లు నడవవు. పెళ్లి బట్టలకు జనం గంటస్తంభం, మూడు లాంతర్ల వైపే పోతారు, లేదంటే విశాఖ బండెక్కుతారు. ఛార్జర్లు, హెడ్‌ఫోన్లు ఫోన్లోనే కొనేస్తున్నారు. పెనం మీంచి దిగిన పెసరట్టు కావాలంటే మాత్రం మనిషి ఇల్లు కదలాల్సిందే.

అద్దె మోసే శక్తి చూడండి. కిరాణాలో మిగులు పలచన. అద్దె అమ్మకంలో 4 శాతం దాటితే వ్యాపారి నిలవలేడు. టిఫిన్ సెంటరు 10 శాతం దాకా మోస్తుంది. 400 అడుగుల కిరాణా రోజుకు 15,000 అమ్మిందనుకుందాం. నెలకు నాలుగున్నర లక్షలు, అద్దె 18,000, అంటే అడుగుకు 45. అదే గదిలో టిఫిన్ సెంటరు రోజుకు 12,000 అమ్మినా నెలకు 3.6 లక్షలు, అద్దె 36,000, అడుగుకు 90. తక్కువ అమ్మి రెట్టింపు కడుతున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

పొగగొట్టం:
అద్దె వచ్చే లెక్క సరే. ఆ అద్దె రావాలంటే కట్టడంలో ఏం పెట్టాలో ఆ లెక్కలో లేదు. స్లాబు పడలేదన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి, పడ్డాక ఏదీ సరిదిద్దలేరు.

దోసె పెనం, రెండు బర్నర్ల స్టవ్వు, బజ్జీల మూకుడు పక్కపక్కన పెడితే పైన 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు హుడ్ (పొగను పైకి లాగే రేకు గొడుగు) పడుతుంది. 32 చదరపు అడుగులన్నమాట. హుడ్ నోటి దగ్గర గాలి నిమిషానికి 100 అడుగుల వేగంతో పోతేనే పొగ పక్కలకు చిమ్మదు. అంటే నిమిషానికి 3,200 ఘనపుటడుగుల గాలిని లాగాలి. డక్టులో, అంటే ఆ పొగను మేడ మీదికి మోసే గొట్టంలో, వేగం నిమిషానికి 1,600 అడుగులు ఉంచాలంటే డక్టు రెండు చదరపు అడుగుల బెజ్జం. అలాంటివి పది పెడితే ఇరవై చదరపు అడుగులు పై అంతస్తు దాటి మేడ మీదికి పోవాలి. వెనక గోడ బయట నుంచి తీస్తామంటారు. పై షాపుల కిటికీలు కూడా అటే కదా, పొగ సరాసరి వాళ్ల గదుల్లోకే. డక్టు మూతి మేడ కంటే ఆరేడు అడుగులు పైకి ఉండాలి, నాలుగు వైపులా తీగలతో బిగించాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి, రేకు గొట్టాన్ని రెండు మేకులకు వదిలెయ్యకండి. ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. లాగిన గాలిలో కనీసం ఐదింట నాలుగు వంతుల తాజా గాలి లోపలికి రావాలి. రాకపోతే ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పొగ మాత్రం కదలదు, వాకిలి తలుపు లాగితే రాదు.

తర్వాత కాలువ. వంటగది నేల మిగతా గది కంటే 9 అంగుళాలు కిందికి ఉండాలి, అప్పుడే 4 అంగుళాల పైపుకు నాలుగడుగులకు ఒక అంగుళం వాలు దొరుకుతుంది. సింకు కింద నూనెను ఆపే ఇరవై లీటర్ల డబ్బా పెట్టి సరిపెడతారు. రెండు రోజుల్లో నిండిపోతుంది. పైగా గిన్నెలు కడిగిన వేడినీళ్లు కరిగిన నూనెను దాటించేస్తాయి, అది అవతల చల్లబడి పైపులో గట్టిపడుతుంది. దానికి దోసెల పిండి, గంజి తోడైతే జిగురే. బయట మూడు అరల తొట్టి కట్టండి. నీళ్లు అరగంట ఆగాలి. రద్దీ వేళ నిమిషానికి 25 లీటర్లు వదిలే వంటగదికి 750 లీటర్ల తొట్టి. లోతులో పావు వంతు నూనె, మడ్డి చేరగానే తీయించాలి. మరుగుదొడ్డి లైను ఆ తొట్టిలో కలపనే కూడదు.

నీళ్లు: హోటలుకు కుర్చీకి రోజుకు 70 లీటర్లు అని ప్రమాణం. 24 కుర్చీల చిన్న హోటలుకే 1,680 లీటర్లు. పది హోటళ్లకు 16,800, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు దాటాయి. మే నెలలో బోరు ఎంత ఇస్తుందో చూసుకున్నాకే సంఖ్య చెప్పండి.

గ్యాస్ 19 కిలోల సిలిండర్లు. ఒకచోట 100 కిలోల దాకా లైసెన్సు అక్కర్లేదు, ఐదు సిలిండర్లు 95 కిలోలు. ఆ లోపే ఉండండి. అవి భూమట్టం మీద, గాలి ఆడేచోట, జాలీ గదిలో ఉండాలి. ఆ గ్యాసు గాలికంటే బరువు, కారితే పల్లానికి దిగి అక్కడే కూర్చుంటుంది. సెల్లారులో గానీ, మెట్ల కింద గానీ సిలిండరు పెట్టనివ్వకండి.

అందుకే తిండి షాపులెన్ని అని కాదు, పొయ్యిలెన్ని అని లెక్కపెట్టండి. ఈ కట్టడానికి మంట ఉండే వంటగదులు నాలుగు. జ్యూసులు, ఐస్‌క్రీము, బయట తయారై వచ్చే స్వీట్లు, బేకరీ సరుకు ఈ నాలుగులోకి రావు.

దాసన్నపేట:
బళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 120 అడుగుల ముఖంలో దారికి 15 అడుగులు పోతే, ఆరు కార్లకు 50 అడుగులు. మిగిలిన 55 అడుగుల్లో బైకుకు రెండున్నర నుంచి మూడడుగుల చొప్పున రెండు వరసలు, మొత్తం నలభై అటూఇటూ. రెండు షాపులు కలిపిన బిర్యానీ హోటల్లో 40 కుర్చీలు ఉంటే, మనిషికి తోడు మనిషి లెక్కన 20 బైకులు. ఆదివారం రాత్రి 8 గంటలకు అలాంటివి రెండు నిండితే చాలు, ముందు భాగం మూసుకుపోయినట్టే. తినేవాడు 50 నిమిషాలు ఉంటాడు. మందుల షాపుకొచ్చేవాడు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకు చోటు లేకపోతే బండి ఆపడు, ముందుకు పోయి వేరేచోట కొంటాడు. హోటలు తెచ్చిన జనం మందుల షాపు జనాన్ని తరిమేస్తే కాంప్లెక్సుకు మిగిలిందేటి?

అద్దెలెక్క:
దాసన్నపేట గారూ, మీ లెక్క ఆదివారం రాత్రి 8 గంటలది మాత్రమే. టిఫిన్ సెంటరు ఉదయం 6 నుంచి 11 వరకు. ఆ వేళ మ్యాచింగ్ సెంటరు షట్టరు కూడా లేవదు. భోజనం 12 నుంచి 3. పునుగులు, చాట్, నూడుల్స్ నాలుగున్నర నుంచి 9. బిర్యానీ అసలు అమ్మకం 7 తర్వాత. ఒకే చోటును రోజులో నాలుగుసార్లు వాడుకోవచ్చు. కాబట్టి రెండు బిర్యానీలు ఇవ్వొద్దు, అంతవరకు ఒప్పుకుంటాను. ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం రెండు, రాత్రి ఒకటి. ఐదు పొయ్యిలూ ఒకదానికొకటి అడ్డం రావు.

పొగగొట్టం:
వేళలు అగ్రిమెంటులో రాసుకున్నా నిలవవు. టిఫిన్ సెంటరుకు మధ్యాహ్నం అద్దె దండగ అనిపిస్తుంది, మీల్స్ మొదలెడతాడు. మీల్స్ వాడు రాత్రికి రొట్టెలు పెడతాడు. ఆరు నెలల్లో ఐదుగురూ రాత్రి 8 గంటలకు తెరిచే ఉంటారు.

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం నుంచి ఒక మాట. అసలు చిక్కు పెద్ద హోటళ్లతో రాదు. బేకరీ అని తీసుకున్న షాపు ముందు ఎగ్ పఫ్‌తో మొదలవుతుంది, తర్వాత ఆమ్లెట్, ఆ తర్వాత వాకిట్లో నూడుల్స్ స్టవ్వు. దానికి హుడ్ ఉండదు, తొట్టి ఉండదు. పొగ పక్కనున్న జాకెట్టు ముక్కల షాపులోకి పోతుంది, బట్ట వాసన పట్టాక అమ్ముడుపోదు. ఖాళీ చేసేది బేకరీ కాదు, బట్టల షాపు.

అగ్రిమెంటులో ఈ మాటలు ఉండాలి. అమ్మే వస్తువుల పట్టిక. మంట, మూకుడు వాడొచ్చా లేదా. షట్టరు గీత దాటి స్టవ్వుగానీ కుర్చీగానీ పెట్టకూడదని. హుడ్ జాలీలు వారానికోసారి, డక్టు మూడు నెలలకోసారి కడగాలని. దాటితే ఎన్ని రోజుల నోటీసు, ఎంత జరిమానా అని. ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించండి. పదకొండు నెలల కాగితం తిప్పుకుంటూ పోతే వంటగదికి లక్షలు పెట్టే మంచి వ్యాపారి రాడు, పెట్టుబడి లేనివాడే వస్తాడు.

మందుల షాపు, సూపర్ మార్కెట్టు వాళ్లు తమలాంటిది రెండోది ఇవ్వొద్దని అడుగుతారు. అది ఇవ్వండి. టిఫిన్ వాళ్లు అడిగితే మాత్రం ఇడ్లీ, దోసెల వరకే ఇవ్వండి. ‘తిండి’ అని రాస్తే రేపు జ్యూసు షాపు కూడా పెట్టలేరు.

పద్దుపుస్తకం:
అద్దెలెక్క గారి 90 రూపాయల్లో ఒక కోత ఉంది. వ్యాపార గది అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 36,000 అద్దెకు 6,480. మామూలు హోటలు వినియోగదారుడి నుంచి 5 శాతం వసూలు చేస్తుంది, ఇన్‌పుట్ క్రెడిట్ (తాను కట్టిన జీఎస్టీని అందులోంచి తగ్గించుకునే వీలు) రాదు. కాబట్టి ఆ 6,480 పూర్తిగా హోటలు మీదే, అసలు అద్దె 42,480. చెప్పుల షాపుకైతే అది క్రెడిట్‌గా తిరిగొస్తుంది. యజమాని జీఎస్టీలో లేకపోయినా తప్పదు. 2024 అక్టోబరు 10 నుంచి రిజిస్టరైన అద్దెదారే కట్టాలి, కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకున్న సులువు పన్ను పద్ధతిలో) ఉన్నవాళ్లకు మాత్రం ఆ భారం లేదు. హోటలుతో బేరమాడేటప్పుడు ‘జీఎస్టీ కలిపా, విడిగానా’ అన్నది మొదటి రోజే తేల్చండి.

మేడమెట్లు:
పైన తిండి వద్దు. టిఫిన్‌కు ఎవరూ మెట్లెక్కరు. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటుకు ఎక్కుతారు, కానీ లిఫ్టు కావాలి, ముసలివాళ్లను తీసుకొస్తారు కదా. పైన డెంటల్ క్లినిక్, రక్తపరీక్షల ల్యాబు, ట్యూషన్, టైలరింగ్, పార్లరు. పని మీద వచ్చేవాళ్లే కాబట్టి ముఖం కనబడక్కర్లేదు. జిమ్ముకు ఇచ్చేముందు స్లాబు ఎంత బరువుకు వేశారో ఇంజినీరును అడగండి.

నాగావళి ఒడ్డు:
బిర్యానీ గురించి ఇంకోటి. కార్తీకంలో నాన్‌వెజ్ అమ్మకం పడిపోతుంది, సోమవారాలు మరీను. మన వైపు మార్గశిర గురువారాలు కూడా పట్టింపే. ఆ నెలల్లో అద్దె తగ్గించమని అడుగుతారు. కనీస అద్దె ఒకటి ఖాయం చేసి, దాని మీద అమ్మకంలో వాటా పెడితే ఆ గొడవ ఉండదు. వాటా పెట్టాక బిల్లింగ్ మెషీను లెక్క నెలనెలా చూపాలని రాయండి. చేతి చీటీ బిల్లుల మీద వాటా అడిగితే రోజూ తగువే.

రోడ్డుకానుకుని:
అందరికీ నమస్కారం. వాటాదార్లకు ఇలా చూపించబోతున్నాను. కింద రోడ్డుకు ఎడమ చివర మూడు షాపులు కలిపి సూపర్ మార్కెట్టు, పక్కన మందులు. నడుమ మ్యాచింగ్ సెంటరు, చెప్పులు, స్టేషనరీ–జిరాక్సు, బయట తయారీ స్వీట్లు–బేకరీ. కుడి చివర నాలుగు వంటగదులు: టిఫిన్, మీల్స్, సాయంత్రం చిరుతిళ్లు, బిర్యానీ. పైన తిండి లేదు. పొగగొట్టం గారూ, వంటగదులు ఒకే వైపు పెడితే డక్టులు కలిపెయ్యొచ్చా?

పొగగొట్టం:
కలపొద్దు. ఒక ఫ్యాను ఆగితే మిగతావాళ్ల పొగ దాని హుడ్లోంచి దిగుతుంది. పైగా ఒకరి డక్టులో నూనె అంటుకుంటే నలుగురికీ పాకుతుంది. నాలుగు విడి డక్టులు, ఒకే ఇటుక షాఫ్టులో (కింద నుంచి మేడ దాకా కట్టిన నిలువు గూడులో). తొట్టి మాత్రం నలుగురికీ ఒకటి కట్టొచ్చు, 3,000 లీటర్లు, తీసే ఖర్చు మెయింటెనెన్సులో పంచండి. తడి చెత్త డబ్బాలు ఆ వెనకే పెట్టి మూత, గేటు వేయించండి. ఎముకలు పడితే కుక్కలు, ఎలుకలు సూపర్ మార్కెట్టు బియ్యం బస్తాల దాకా వస్తాయి. స్వీట్లు–బేకరీని వంటగదుల పక్కనే ఉంచండి, మ్యాచింగ్ సెంటరును మందుల వైపు జరపండి.

అద్దెలెక్క:
పట్టిక బాగుంది. నాలుగు దగ్గర ఆగడం మాత్రం నాకు ఒప్పుదల లేదు. మిమ్స్ రద్దీకి ఐదోది నిలుస్తుంది. షాఫ్టులో ఐదో డక్టుకు చోటు వదలండి, స్లాబులో బెజ్జం విడిచి రేకుతో మూయించండి, ఐదో వంటగదికి అనుకున్న గది నేల కూడా 9 అంగుళాలు దించి పైన ఇసుక పోసి టైల్సు వేయండి. ఇప్పుడు అయ్యేది తక్కువ ఖర్చే. ఆ గదికి ముందు ఏడాది మాత్రమే లీజు ఇవ్వండి.

దాసన్నపేట:
ఐదోది ఇచ్చేముందు ఆదివారాలు రాత్రి 7 నుంచి 9 దాకా ఎన్ని బళ్లు రోడ్డు మీదికి పోతున్నాయో వాచ్‌మన్ చేత రాయించండి. పది దాటుతుంటే ఆ రేకు తీయొద్దు.