అమ్మానాన్నలతో లాస్ వేగాస్: మే ఎండలో ఎక్కడికి వెళ్లొచ్చు?

నమస్తే అండీ, మే చివర్లో లాంగ్ వీకెండ్‌కి గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను వేగాస్ తీసుకెళ్తున్నాం. బెలాజియో ఫౌంటెన్లు, ఫ్రీమాంట్ స్ట్రీట్ లైట్లు ఒక సాయంత్రం చూస్తే చాలు, కాసినోల్లో సిగరెట్ పొగ నాన్నకు అస్సలు పడదు.

నాకు చూపించాలని ఉన్నది ఊరి బయటి ఎర్ర కొండలు. రెడ్ రాక్ కాన్యన్‌లో 13 మైళ్ల వన్‌వే రోడ్డు ఉంది, కార్లోంచే చాలావరకు కనిపిస్తాయి కాబట్టి అమ్మ మోకాళ్లకు ఇబ్బంది ఉండదు, మే 31 వరకు టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి గనక పొద్దున 8కే తీసుకుంటాను. ఇంకో ఎర్ర రాళ్ల పార్క్ వ్యాలీ ఆఫ్ ఫైర్ గురించే టెన్షన్. ఎండల వల్ల ఫైర్ వేవ్ లాంటి ట్రెయిల్స్ మే మధ్య నుంచే మూసేస్తారు. గుంటూరు ఎండలు వీళ్లకు కొత్త కాదు, కానీ అక్కడ ఒళ్లంతా చెమట పడుతుంది, ఈ పొడి గాలికి చెమట ఇట్టే ఆరిపోయి ఒంట్లో నీళ్లు తగ్గేది తెలియదు.

పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు చెప్పండి: ట్రెయిల్స్ లేకుండా, రోడ్డు మీంచి చూడ్డానికే వ్యాలీ ఆఫ్ ఫైర్ వెళ్లొచ్చా? నాన్న ఇరిగేషన్‌లో పనిచేశారు, హూవర్ డ్యామ్ చూడందే కదలరు. ఆ రెండూ ఒకే రోజు పెడితే అమ్మ అలసిపోతుందా?