పెన్షన్ కోసం ఫైర్ సిబ్బంది జీతంలో కోత: అందరికీ ఒకే 10 శాతమా, జీతాన్ని బట్టి శ్లాబులా?

ఎర్రబండి, విశాఖ:
మా బావమరిది ఇంగ్లాండ్‌లో ఫైర్‌ఫైటర్. మొన్న సెలవుకి వచ్చినప్పుడు ఇద్దరి పేస్లిప్‌లూ పక్కపక్కన పెట్టి చూశాం. అక్కడ జీతం పెరిగేకొద్దీ కోత రేటు పెరుగుతుంది. ఫైర్‌ఫైటర్ల 2015 పెన్షన్ స్కీములో 2018 ఏప్రిల్ నుంచి అమలైన రేట్ల ప్రకారం ఏడాదికి 27,818 పౌండ్ల దాకా 11 శాతం, ఆపైన 51,515 వరకు 12.9, అదీ దాటితే 13.5, 1,42,500 దాటిన వాళ్లకి 14.5. వాడిది 12.9.

మన ఆంధ్రా ఫైర్ సిబ్బందికి? 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన వాళ్లందరికీ సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్) కింద బేసిక్, డీఏ కలిపి దాంట్లో 10 శాతం. కొత్త ఫైర్‌మ్యాన్‌కీ అంతే, పై ఆఫీసరుకీ అంతే. ఇది అన్యాయం. తక్కువ జీతం వాళ్లకి తక్కువ కోత ఉండాలి. మీరేమంటారు?

సీతమ్మధార లెక్కలు:
తమ్ముడూ, జీతాల బిల్లులు చూసి చూసి రిటైరైన వాణ్ణి, ఒక మాట చెప్తాను. శ్లాబు అనగానే అందరూ ఇన్‌కమ్ టాక్స్ అనుకుంటారు. టాక్సులో గీత దాటిన భాగానికే ఎక్కువ రేటు. అక్కడి ఫైర్ స్కీములో గీత దాటితే మొత్తం జీతానికీ కొత్త రేటే. 27,818 మీద 11 శాతం అంటే 3,060 పౌండ్లు. జీతం ఒక్క పౌండు పెరిగితే 12.9 చొప్పున 3,589. పౌండు పెరిగినందుకు 529 పోయినట్టు! ఇక్కడ అదే పెడితే ఇంక్రిమెంటు వచ్చిన నెలలో ఇంట్లో గొడవలే.

గాజువాక కుర్రాడు:
అయితే టాక్సులాగే పెట్టమనండి సార్. లెక్క కోసం బేసిక్ 30,000, డీఏ 30 శాతం అనుకుందాం. మొత్తం 39,000, కోత 3,900. అద్దె, బండి ఈఎంఐ కట్టాక ఆ 3,900 నాకు నెలాఖరు వారం రోజుల సరుకులు. ఆఫీసరుకి అది టెన్షన్ కాదు, నాకు టెన్షనే.

రాత్రి డ్యూటీ:
తమ్ముడూ, నీ ఇబ్బంది నాకు తెలుసు, నేనూ అక్కడి నుంచే వచ్చాను. కానీ కోత తగ్గించమని మాత్రం అడగకు. ఇంగ్లాండ్‌లో కోత ఎంతైనా పెన్షన్ మారదు. ఆ ఏడాది జీతంలో 59.7వ వంతు పెన్షన్ ఖాతాలో జమ అవుతుంది, 11 కట్టినా అంతే, 12.9 కట్టినా అంతే. అందుకే చిన్న జీతం వాళ్లకి రేటు తగ్గించినా వాళ్లకి నష్టం లేదు. మన దగ్గర అలా కాదు. కట్టిందే ప్రాన్ ఖాతాలోకి, అంటే మన పేరు మీద ఉండే పెన్షన్ ఖాతాలోకి వెళ్తుంది, అదే మార్కెట్లో పెరగాలి. నువ్వు 10కి బదులు 7 కడితే, సర్కారు కూడా దానికి జతగా వేసే తన 10 శాతం వాటా 7కి దించితే, నెలకి జీతంలో 6 శాతం నీ ముసలితనం లోంచే పోతుంది.

ఇంకో సంగతి. 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడిన రాత్రి డీజిల్ పొగలో హోస్ పట్టుకుని నిలబడ్డాను. తెల్లారి ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. నిద్ర పట్టక ఫోన్లో ప్రాన్ స్టేట్‌మెంట్ తెరిస్తే రెండు నెలల జమ లేదు. పేస్లిప్‌లో కోత ఉంది, ఖాతాలో డబ్బు లేదు. ఎన్నిసార్లు తిరిగానో! చివరికి పడింది గానీ, ఆ మధ్యలో దాని మీద పెరగాల్సింది ఎవరిస్తారు?

ఎర్రబండి, విశాఖ:
ఈ తేడా నాకు తట్టలేదన్నా. శ్లాబుల మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే అడగాల్సింది సర్కారు వాటా గురించి. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగులకి తన వాటా 14 శాతం చేసింది. కనీసం కింది స్థాయి ఫైర్ సిబ్బందికైనా ఇక్కడా అంత ఇవ్వాలి.

సీతమ్మధార లెక్కలు:
ఫైర్ వాళ్లకే ఎందుకని టీచర్లు అడుగుతారు, వాళ్లూ సీపీఎస్‌లోనే ఉన్నారు కదా. ఆ వాదన నిలబడదు.

రాత్రి డ్యూటీ:
ఎందుకు నిలబడదు గురువుగారూ? ఇంగ్లాండ్ 2015 స్కీములో పూర్తి పెన్షన్ వయసు 60. మనకి రిటైర్‌మెంట్ 62. అరవై ఒకటో ఏట నిచ్చెన ఎక్కమంటే ఏ మోకాలు సహకరిస్తుంది? టీచరుగారికి పాఠం చెప్పడానికి ఆ వయసు అడ్డు కాదు.

గాజువాక కుర్రాడు:
ఇప్పుడే నా స్టేట్‌మెంట్ తెరిచాను. కిందటి ఏడాది ఒక నెల జమ కనిపించడం లేదు. ఎవరికి రాయాలి అన్నా?

రాత్రి డ్యూటీ:
ముందు ఆ నెల పేస్లిప్ తీసిపెట్టుకో. దాని కాపీ, స్టేట్‌మెంట్ కాపీ జతచేసి మీ జీతం బిల్లు పెట్టే ఆఫీసుకి అర్జీ ఇచ్చి, రసీదు మీద స్టాంపు వేయించుకో. నోటిమాటగా మాత్రం అడగకు.