బాల్ పైథాన్‌ని గూట్లోనే మేపాలా, వేరే టబ్బులోకి మార్చాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం): మా బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ, విషం ఉండదు) ఏడాది పిల్ల, 400 గ్రాములుంది. విదేశీ జంతువుల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు అయిపోయింది. గూట్లో కింద పరిచింది ఉద్దానం కొబ్బరి పొట్టు. గూట్లోనే మేపితే చెయ్యి పెట్టినప్పుడల్లా తిండనుకుని కాటేస్తుందని కొందరు, మార్చి మేపితే కక్కేస్తుందని కొందరు అంటున్నారు. కారణంతో సహా చెప్పండి.

కోట బురుజు (విజయనగరం): గూట్లోనే మేపండి. మింగిన పాము ఇంకా వేట ఊపులోనే ఉంటుంది, టబ్బులోంచి తిరిగి ఎత్తబోతే కాటు పడేది అప్పుడే. పైగా నిండు పొట్టతో ఎత్తితే కక్కేస్తుంది. దాంతో జీర్ణరసాలు పోయి గొంతు ఒరుసుకుపోతుంది. తర్వాత రెండు వారాలు ఏమీ పెట్టకూడదు, ఆపైన సగం సైజుతో మొదలెట్టాలి. ఒక్క పూట తొందరకి నెల పోతుందన్నమాట. మామూలుగా కూడా తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి.

చేతిని తిండనుకోవడానికి కారణం చోటు కాదు, మన అలవాటు. మేత కోసం తప్ప గూడు తలుపు తియ్యకపోతే, తలుపు తీస్తే తిండేనని నేర్చుకుంటుంది. మధ్యమధ్యలో నీళ్లు మార్చడానికీ, శుభ్రం చెయ్యడానికీ తియ్యండి. బయటికి తీసేముందు, ఇది మేత కాదని తెలిసేలా, కర్రతో ఒంటి మధ్యలో మెల్లగా తాకండి. ఎలుకని తాకిన చెయ్యి సబ్బుతో కడక్కుండా లోపల పెట్టొద్దు.

వంశధార (నరసన్నపేట): కోట బురుజు గారూ, కొబ్బరి పొట్టు మాటేటండీ? తడి ఎలుకకి అంటుకుని నోట్లోకి పోతే చిగుళ్లలో ఇరుక్కుని నోరు పుండవుతుంది. ఒకే గూట్లో రెండు పాములుంటే ఒకే ఎలుకని చెరోవైపు పట్టుకుంటాయి. టబ్బే నయం.

కోట బురుజు: రెండు పాముల్ని ఒకే గూట్లో ఉంచడమే తప్పు, మేత రోజున విడదీసినంత మాత్రాన ఆ తప్పు సరైపోదు. పొట్టు భయం నిజమే. ఎలుకని గుడ్డతో పొడిగా తుడిచి, కింద పళ్లెమో కాగితమో వేసి, అడుగు పొడవు పటకారుతో తల ముందుండేలా అందించండి. ఒకటి రెండు పీచులు పోయినా విసర్జనలో వచ్చేస్తాయి.

వంశధార: బెదురు పిల్లలు పళ్లెం దగ్గరికే రావు కదండీ. చిన్న డబ్బాలో ఎలుకతో పాటు చీకట్లో వదిలేస్తే తింటాయి.

కోట బురుజు: అది ఒప్పుకుంటాను. అయితే డబ్బా మూతకి పాము పట్టేంత కన్నం పెట్టి, దాన్ని గూట్లోనే ఉంచండి. దానంతటది వెళ్లి తిని, దానంతటది వస్తుంది. ఎత్తే పనే ఉండదు.

పైడి వీధి (విజయనగరం): చోటు కంటే వేడి ముఖ్యం. బాల్ పైథాన్ పెదాల దగ్గరి గుంటలతో వేడిని పసిగడుతుంది, చల్లటి ఎలుకని ముట్టదు. ఫ్రీజర్లో గడ్డకట్టించి ఉంచిన చచ్చిన ఎలుకని రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో కరగనివ్వండి. తర్వాత కవర్లో కట్టి 45 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. ఎలుక పొట్ట నొక్కితే లోపల గడ్డ తగలకూడదు. మైక్రోవేవ్ వద్దు, ఒకచోట ఉడికి ఇంకోచోట గడ్డగానే ఉంటుంది, పొట్ట పగలొచ్చు కూడా. 400 గ్రాముల పిల్లకి 40 గ్రాముల చిన్న ర్యాట్ (పెద్ద జాతి ఎలుక పిల్ల), 10–14 రోజులకోసారి. చీకటి పడ్డాక పెట్టండి. కుబుసం విడిచే ముందు కళ్లు తెల్లబడితే ఆ వారం మానేయండి.

బతికిన ఎలుక వద్దు. పాముకి ఆకలి లేకపోతే ఎలుకే దాన్ని కొరుకుతుంది. పొలం ఎలుక అసలే వద్దు. వరి చేలల్లో పెట్టే బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు ఎర తిన్న ఎలుక కాలేయంలో ఆ మందు నిలిచిపోతుంది, పాములోకీ వస్తుంది.

మహేంద్రగిరి (పలాస): మన జిల్లాలో తుపాను లెక్క వేరుగా చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఇటు ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. గూట్లో వెచ్చగా ఉంచే వైపు 31–33 డిగ్రీలు లేకపోతే మింగింది అరగదు, లోపలే కుళ్లి కక్కేస్తుంది. అందుకని తుపాను హెచ్చరిక రాగానే మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పాము కొన్ని వారాలు ఉపవాసం ఉండగలదు. అప్పటికే మేపేసి ఉంటే గూటికి వేడినిచ్చే హీట్ మ్యాట్‌ని, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో సహా ఇన్వర్టర్‌కి పెట్టండి. ఫ్రీజర్లో కరిగి వెచ్చబడ్డ ఎలుకల్ని మళ్లీ గడ్డ కట్టించి పెట్టకండి, పాతిపెట్టేయండి.

నాగావళి గట్టు: ఈసారి కన్నం డబ్బా గూట్లో పెడతాను. కన్నం అంచు ఎలా నున్నగా చెయ్యాలి?

వంశధార: వేడి చేసిన ఇనుప చువ్వతో కాల్చి, గరుకు కాగితంతో రుద్దండి. వేలు లోపల తిప్పితే ఎక్కడా గుచ్చుకోకూడదు. ఆ వాసన పోయేదాకా రెండు రోజులు ఎండలో ఉంచాకే గూట్లో పెట్టండి.